చక్రాల మధ్య ఎడం

ట్రాక్టరు షెడ్డు. మధ్యాహ్నపు ఎండ సగం దాకా లోపలికి వచ్చింది. చిన్న ట్రాక్టరు వెనక చక్రం పక్కన భార్య, తలుపు దగ్గర ముక్కాలిపీట మీద ఒక కాలు చాచుకుని చేతికర్రతో భర్త.

“ఆ పానా మనది కాదు.”

“ఆ గుడ్డ ఇలా విసరండి.”

“పానా మనది కాదంటున్నాను.”

“వినపడింది. గుడ్డ.”

“మనదాని పిడికి ఎర్ర రంగు లేదు. అది ఎవరిదో నాకు తెలుసు.”

“తెలిసినప్పుడు అడగడం దేనికండీ?”

“నీ నోటితో విందామని.”

“మనదాని నోరు అరిగిపోయింది. నట్టుకి పెడితే జారిపోతోంది. రేపు పైచేను దున్నాలి కదా, నట్లన్నీ ఒకసారి బిగిద్దామని పక్కచేను వాళ్ళనడిగి తెచ్చాను.”

“వాళ్ళేమిటి, వాళ్ళు? ఆ ఇంట్లో ఉన్నది ఒక్కడే. పెళ్ళాం పోయి ఐదేళ్ళయింది. పుర్రచేతాడు అను, సరిపోతుంది.”

“మీకంటే నాలుగేళ్ళు పెద్దాయన. పుర్రచేతాయన అంటే మీ నోరేం అరిగిపోదు.”

“ఆయనట! రెండేళ్ళుగా నేను ఆ గుమ్మం వంక కన్నెత్తి చూడలేదు. నువ్వెళ్ళి పానా అడుక్కొస్తావా?”

“అడుక్కోలేదు. అడిగాను. ఇచ్చారు.”

“ఏమని అడిగావు?”

“‘అన్నయ్యగారూ, పెద్ద పానా ఉందా’ అని.”

“అన్నయ్యగారు!”

“పోనీ ఏమని పిలవమంటారు?”

“అన్నయ్యగారూ అంటే అన్నయ్య అయిపోతాడా? లోపలికి రమ్మన్నాడా?”

“రమ్మన్నారు.”

“వెళ్ళావా?”

“పానా నడుచుకుంటూ గుమ్మంలోకి రాదు కదండీ.”

“పదకొండింటికి వెళ్ళావు. పన్నెండు దాటాక వచ్చావు. గంట! గంటసేపు వెతికాడా పానా కోసం? ఇనప దుకాణం పెట్టాడా ఇంట్లో?”

“గడియారం ముందు కూర్చున్నారా మీరు?”

“ఇంకేం పనుంది నాకు? ట్రాక్టరు నువ్వే తోలతావు, మందు నువ్వే కొడతావు, సంతకి నువ్వే వెళతావు. నేను గడియారానికి కాపలా.”

“అబ్బ, ఒక్క నిమిషం మాట్లాడించకండి. నట్టు కదలనంటోంది... హమ్మయ్య. కదిలింది.”

“ఏయ్, ఏయ్! బిగిద్దామని తెచ్చానన్నావు. అది బిగించడమా? విప్పుతున్నావు!”

“విప్పడం లేదు. ఒక్క చుట్టు వదులు చేస్తున్నాను. చక్రం నేల మీద ఉండగానే వదులు చేసుకోవాలి. పైకి లేపాక పానా వేసి లాగితే బండి దిమ్మల మీద నుంచి జారుతుంది.”

“లేపడం ఏమిటి? ఎందుకు లేపడం?”

“చక్రాలు మారుస్తున్నాను.”

“ఏమొచ్చింది వాటికి?”

“వాటికేం రాలేదు. మధ్యలో ఎడం పెంచుతున్నాను. ఎడమ చక్రం కుడికి, కుడి చక్రం ఎడమకి. ఈ మధ్య రేకు చూడండి, పళ్ళెంలా లేదూ? ఇప్పుడు బోర్లించినట్టుంది, అందుకని చక్రం లోపలికి వచ్చింది. ఆ పక్కకి మారిస్తే పళ్ళెం వెల్లకిలా అవుతుంది, చక్రం బయటికి పోతుంది. ఇటు బెత్తెడు, అటు బెత్తెడు.”

“నాకు చెబుతున్నావా? ముప్ఫై ఏళ్ళు తోలినవాణ్ణి. నాకు!”

“మీరే కదా అడిగారు.”

“నిన్నటిదాకా నీకు ఈ పళ్ళేలూ గిన్నెలూ తెలియవు. పానా కోసం వెళ్ళి చదువుకొచ్చావన్నమాట.”

“అలాగే అనుకోండి.”

“ఎక్కడ కూర్చున్నావు?”

“ఎక్కడో ఒకచోట.”

“కుర్చీలోనా? మంచం మీదా?”

“ఛీ! ఏం మాటలండీ అవి?”

“అడగకూడదా?”

“వసారాలో. నేను బస్తా మీద, ఆయన మెట్టు మీద, మధ్యలో పిల్లి. సరిపోయిందా?”

“పిల్లి మధ్యలో ఎందుకు కూర్చుంది?”

“దాన్నే అడగండి వెళ్ళి. ఆ చెక్క దిమ్మ కర్రతో ఇటు తోయండి.”

“ఇంద. రెండోది కూడా తీసుకో. ఒక్క జాకీని నమ్ముకుని చక్రం ఊడదియ్యకు.”

“ఇరుసు కింద దిమ్మ పెట్టాకే ఊడదీస్తాను.”

“అదీ చెప్పాడా?”

“చెప్పారు.”

“ముందు చక్రాలకి అడ్డం?”

“రాళ్ళు పెట్టాను. గేర్లో ఉంచాను. బ్రేకు వేశాను.”

“ఒక్క తప్పు కూడా చెప్పలేదా వాడు?”

“చెప్పి ఉండాల్సిందా?”

“చెప్పుంటే నా కడుపు కాస్త చల్లబడేది.”

“భలేవారండీ! నేను బండి కింద పడితే చల్లబడుతుందా మీ కడుపు?”

“అలా అన్నానా నేను? మాటలు వంకర తిప్పకు. అసలు ఎడం పెంచితే కింద చేలో చిక్కుడు సాళ్ళ మధ్య పట్టదు. మొక్కలు తొక్కేస్తుంది. ఆ సంగతి చెప్పాడా మీ అన్నయ్యగారు?”

“చిక్కుడు కోత అయిపోయింది. మళ్ళీ సాళ్ళు వేసినప్పుడు మళ్ళీ దగ్గర చేస్తాను. రేపు ఏటవాలు ఎక్కాలి కదా.”

“ఏటవాలుకీ ఎడానికీ ఏమిటి సంబంధం? చెప్పు, చూద్దాం, ఎంత వచ్చిందో చదువు.”

“మనిషైనా వాలులో కాళ్ళు దగ్గరగా పెట్టుకుంటే పడతాడు, ఎడంగా పెట్టుకుంటే ఆగుతాడు. బండీ మనిషిలాంటిదే.”

“అబ్బో! బండీ మనిషిలాంటిదే! ఎంత గొప్ప మాట! వాడికి తప్ప ఇంకెవరికి తడుతుంది?”

“మీకు నచ్చలేదా?”

“చచ్చు మాట.”

“నాకు నచ్చింది.”

“నచ్చుతుంది. ఎందుకు నచ్చదు? ఇరవై రెండేళ్ళు కాపరం చేశాను నీతో. నా మాట ఒక్కటైనా నచ్చిందని అన్నావా? నవ్వుతున్నావా?”

“లేదు.”

“నవ్వావు. పళ్ళు కనిపించాయి.”

“జాకీ ఎత్తుతున్నానండీ. పళ్ళు బిగబట్టాను.”

“అన్నీ తెలుసు నాకు. కిటికీలోంచి అన్నీ కనపడతాయి. నువ్వు కింద చేలో ట్రాక్టరు తోలుతున్నంతసేపూ వాడు పార పట్టుకుని గట్టు మీద నిలబడతాడు. పార నేల మీద పడదు. చూపు తిప్పడు. నువ్వేమో పాట పాడతావు.”

“ఇంజను చప్పుడులో నా పాట నాకే వినపడదు.”

“మరెందుకు పాడటం? ఇంట్లో ఎప్పుడైనా పాడావా?”

“ఇంట్లో మీ పోరుకి సందుంటే కదా! పోనివ్వండి. ఆ సీటు మీద కాగితం ఉంది, ఎగిరిపోకుండా చూడండి.”

“ఏం కాగితం?”

“ఈ పనంతా రాసి ఉన్న కాగితం. వద్దు, తియ్యకండి, ఊరికే చూడమన్నాను... కర్రతో లాక్కుంటారేమిటండీ చిన్నపిల్లాడిలా!”

“ఇది... అక్షరాలన్నీ ఎడమవైపుకి వాలిపోయి ఉన్నాయి. ఇది పుర్రచేతి రాత!”

“కళ్ళజోడు లేకుండానే చదివేశారా?”

“చదవక్కర్లేదు. వాలు చూస్తే చాలు. నా పెళ్ళానికి ఉత్తరాలు రాసేదాకా వచ్చిందన్నమాట!”

“ఉత్తరం కాదు.”

“రెండువైపులా రాశాడు! చక్రం మార్చడానికి రెండువైపులా ఎందుకు? వెనకవైపు ఏం రాశాడు?”

“కళ్ళజోడు పెట్టుకుని చదవండి.”

“నువ్వు చదువు.”

“నేను చదవను.”

“ఎందుకు చదవవు?”

“అది నేను చదివితే బాగుండదు.”

“బాగుండదా! మొగుడి ముందు చదివితే బాగుండని రాతలు వచ్చాయా ఈ ఇంట్లోకి? ఒళ్ళు మండిపోతోంది నాకు. ముక్కలు ముక్కలుగా చించి...”

“చించకండి!”

“ఓహో. గొంతు లేచిందే.”

“రేపు ఆ వాలు ఎక్కేది నేనండీ. మీరు పడ్డ చోటికి. రెండేళ్ళుగా బీడు పడి ఉంది, ఈ ఏడు కూడా వదిలేస్తే ముళ్ళకంప తప్ప ఏమీ మిగలదు, ఎక్కక తప్పదు. నాకు భయంగా ఉంది. మీకు చెప్పలేదు గానీ రెండు రోజులుగా ముద్ద దిగడం లేదు. నా ప్రాణం ఆ కాగితం మీద ఉంది. చించాలనుంటే చించండి.”

“చించనులే. నా జేబులో ఉంటుంది.”

“ఉండనివ్వండి. భద్రంగా.”

“భయమైతే మానెయ్. ఎవరు ఎక్కమన్నారు?”

“ఒకటి అడగనా?”

“అడుగు.”

“ఆ రోజు మీరు పైచేనుకి తీసుకెళ్ళినప్పుడు ఈ చక్రాలు ఎలా ఉన్నాయి?”

“ఎలా ఉంటాయి? గుండ్రంగా.”

“దగ్గరగానా, ఎడంగానా?”

“ఇప్పుడు అదెందుకు?”

“ఊరికే. మీ నోటితో విందామని.”

“కాలవ గట్టు జారింది. వాడు నా చేను అంచునే నీళ్ళకాలవ తవ్వాడు. మట్టి నాని మెత్తబడింది. చక్రం దిగబడింది. బండి తిరగబడింది. వెయ్యిసార్లు చెప్పాను.”

“కాలవ సంగతి వెయ్యిసార్లు చెప్పారు. చక్రాల సంగతి ఒక్కసారీ చెప్పలేదు.”

“చెప్పడానికేముంది? వాడి తప్పు కాకపోతే నేను ఆస్పత్రి నుంచి వచ్చేసరికి కాలవ ఎందుకు పూడ్చేశాడు? చెప్పు! రెండేళ్ళుగా బిందెలతో మోసి పోసుకుంటున్నాడు మొక్కలకి. ఊరికే పూడుస్తాడా ఎవడైనా?”

“నేనూ అలాగే అనుకున్నాను, ఇవాళ పొద్దుటిదాకా.”

“పొద్దుటిదాకా అంటే?”

“తప్పుకోండి, రెండూ ఊడొచ్చాయి, ఈ చక్రం ఆ పక్కకి దొర్లించాలి.”

“మాట తప్పించకు. పది రోజులు పడి ఉన్నాను ఆస్పత్రిలో. ఒక్కసారైనా వచ్చాడా చూడటానికి? మనిషన్నవాడు వస్తాడా, రాడా?”

“రాలేదా?”

“నాకు కనపడలేదు.”

“కళ్ళు తెరిస్తే కదండీ కనపడటానికి. ఒంటి మీద తెలివి లేదు మీకు, జ్వరం.”

“వెనకేసుకొస్తున్నావు!”

“నేను తోస్తున్నది చక్రాన్ని. అమ్మో, ఎంత బరువుందండీ ఇది!”

“అలా చేతులతో ఎత్తితే నడుం పోతుంది. గునపం కింద పెట్టు. పెట్టి తొక్కు. అలా కాదే! అలా కాదు... ఉండు.”

“మీరు లేవకండి. కాలు...”

“కాలు సంగతి నేను చూసుకుంటాను. వాణ్ణి పిలుచుకొస్తావా లేకపోతే? నువ్వు గునపం తొక్కు, నేను చక్రం తిప్పి బోల్టులకి సరిచూస్తాను.”

“పడతారండీ.”

“పడను. తొక్కు. ఇంకాస్త. ఆఁ, అక్కడే ఆపు. దూరింది. నట్టు ఇలా ఇవ్వు.”

“ఇదిగో.”

“ఇంకోటి. దాని పక్కది కాదు, ఎదురుది. పైనొకటి, కిందొకటి, అలా బిగించుకుంటూ రావాలి.”

“గంటసేపు తోలాక మళ్ళీ అన్నీ బిగించి చూసుకోవాలి.”

“గంట! మళ్ళీ గంట! ఆ మాట నా దగ్గర ఎత్తకు.”

“మొహానికి గ్రీజు అంటింది. రెండేళ్ళయింది మిమ్మల్ని ఇలా చూసి.”

“వెటకారమా?”

“కాదండీ. బాగున్నారు.”

“సరే, సరే. రెండో చక్రం పట్టు. టైరు మీద బాణం చూసుకున్నావా?”

“చూశాను. ముందుకే ఉంది. పక్కలు మార్చకుండా ఉన్నచోటే తిప్పి బిగిస్తే బాణం వెనక్కి పోతుంది. బాణం వెనక్కి చూసిందంటే టైరు మట్టిని తన్నదు...”

“నాకుతుంది.”

“నాకుతుంది.”

“ఆగు.”

“ఏమైంది? కాలు నొప్పా?”

“ఆ మాట నీకెవరు చెప్పారు?”

“చెప్పారని చెప్పాను కదా.”

“వాడికెలా తెలుసు? అది మా నాన్న మాట. నాకు బండి నేర్పేటప్పుడు అన్నాడు. తన్నదురా, నాకుతుంది అని. నేను ఎవరికీ చెప్పలేదు. నీక్కూడా చెప్పలేదు.”

“కాళ్ళు ఎడంగా పెట్టుకోవాలన్నది?”

“అదీ... అదీ నాన్నదే.”

“చచ్చు మాట అన్నారు.”

“వాడి నోట విన్నావనుకుంటే చచ్చు మాటలాగే ఉంది. మా నాన్న మాటలు వాడికెలా తెలుసు? ఎప్పుడు విన్నాడు? ఎవరు చెప్పారు?”

“కళ్ళజోడు మీ పైజేబులోనే ఉంది. పొద్దుట్నించీ అక్కడే ఉంది. పెట్టుకోండి. కాగితం తీయండి.”

“ఇదేమిటి... ‘నట్లు నేల మీదే వదులు చేశాను నాన్నా. ఎడమది కుడికి వేశాను నాన్నా. బాణం ముందుకే ఉంది, చూడు నాన్నా, తన్నుతుంది, నాకదు...’ నాన్నా ఏమిటి? ఎవరికి నాన్న?”

“వెనక్కి తిప్పండి.”

“‘అబద్ధం నాన్నా. మార్చలేదు. దగ్గరగానే ఉన్నాయి. రెండు చక్రాలు ఎవడు విప్పుతాడులే అని బద్ధకించాను. కాలవ దాకా వెళ్ళనే లేదు, ముందే తిరగబడింది. ఎవరడిగినా కాలవ గట్టు జారిందని చెబుతాను. లేకపోతే నవ్వుతారు...’”

“చదివారా?”

“ఇవి...”

“రాత పుర్రచేతాయనది. మాటలు మీవి.”

“నేనెప్పుడు...”

“జ్వరంలో. మీరు పడ్డప్పుడు బండి కింద నుంచి లాగింది ఎవరో మీకు తెలియదు. పగలు నేను ఇంటికొచ్చి గేదెల్ని చూసుకుని మళ్ళీ వెళ్ళేదాకా మీ పక్కన కూర్చున్నదీ ఆయనే, మొదటి వారమంతా. తలకి దెబ్బ తగిలింది, ఏం కలవరిస్తున్నాడో రాసిపెట్టండి అన్నారట డాక్టరు. రాశారు. మీరు కళ్ళు తెరవగానే ఇంటికొచ్చేశారు.”

“వచ్చాడని నాకెందుకు చెప్పలేదు నువ్వు?”

“రెండుసార్లు చెప్పబోయాను. ఆ పేరెత్తగానే కంచం విసిరికొట్టారు. ఈ కాగితం సంగతి మాత్రం నాకూ తెలియదు. రేపు పైచేను దున్నుతున్నానని ఇవాళ అన్నానో లేదో, ‘చక్రాలు ఎలా ఉన్నాయమ్మా’ అన్నారు. ఎప్పటిలాగే అన్నాను. లేచి లోపలికెళ్ళి పెట్టె అడుగు నుంచి తీసుకొచ్చి చేతిలో పెట్టారు. ‘వాడి పరువు కంటే నీ ప్రాణం ముఖ్యం’ అని. ఇన్నాళ్ళూ నిలబడి చూసింది నన్ను కాదండీ, ఈ చక్రాల్ని. ఎక్కడ వాలు వైపు తిప్పుతానో అని.”

“మరి అప్పట్నించీ నాతో ఎందుకు అనలేదు నువ్వు? పానా తెచ్చిన దగ్గర్నించీ ఇంతసేపు...”

“మీరే చెబుతారేమోనని చూశాను. అడిగాను కూడా.”

“అంటే... ఆయనకి తెలుసు.”

“మొదటిరోజు నుంచీ.”

“తెలిసీ నన్ను ఒక్క మాట అనలేదా? మరి కాలవ ఎందుకు పూడ్చాడు? తప్పు తనది కాదని అంత బాగా తెలిసినవాడు కాలవ ఎందుకు పూడ్చాడు?”

“నేనూ అదే అడిగాను. గంట పట్టింది అందుకే. చాలాసేపు పిల్లిని నిమురుతూ కూర్చున్నారు. తర్వాత అన్నారు: ‘అప్పుడు వాడు ఒంటికాలి మీద ఇంటికి రాబోతున్నాడమ్మా. కాలవ అలాగే ఉంటే గట్టు జారలేదని ఊరంతా చూసేది. నాకు రెండు కాళ్ళూ ఉన్నాయి. ఆ తప్పు కూడా వాడి నెత్తిన పెడితే ఎలా నిలబడతాడు?’”